జువ్వలపాడు చెరువు ఛార్జి

ఆ ఏడాది నీటిపారుదల శాఖకు ప్రకృతి మీద ప్రేమ పుట్టింది. ప్రేమ పుట్టిన వారంలోపే సర్క్యులర్ పుట్టింది. జల, భూ వనరుల వల్ల సమాజానికి ఒనగూరుతున్న సమస్త పర్యావరణ, ఆర్థిక ప్రయోజనాలకూ విలువ కట్టి పంపవలెనని, ఇందులో ఎట్టి జాప్యమూ సహించబడదని అందులో ఉంది.

మొదటి విడతలో జువ్వలపాడు చెరువు పేరు వచ్చింది. నెల్లూరుకు ఎగువన, చిన్న మిట్టల మధ్య ఉన్న పాత సాగునీటి చెరువు అది. అంతవరకూ దానికెవరూ ధర కట్టలేదు కనుక దాని జోలికీ ఎవరూ రాలేదు. కార్తెలు అనుకూలిస్తే నిండేది, నిండితే మిగులు నీటికి కట్టిన కలుజు మీదుగా పొర్లేది, శీతాకాలంలో గూడబాతులు వచ్చి పిల్లల్ని పెట్టుకుని ఎండలు ముదిరేసరికి వెళ్ళిపోయేవి. ఆ సెక్షన్‌కు ఏఈ మునిలక్ష్మి. ఆమె భర్త దొరస్వామి తిరుపతిలో హైస్కూలు మాస్టరు, కూతురు నిహారిక అక్కడే చదువుతోంది. మునిలక్ష్మి ఏళ్ళ తరబడి బదిలీకి దరఖాస్తు పెడుతూనే ఉంది. వచ్చే ఏడు కూతురు పదో తరగతి. అప్పటికైనా ఇంట్లో ఉండాలని ఆమె కోరిక.

విలువ కట్టడానికి అన్వేష్ అనే కుర్ర నిపుణుడు వచ్చాడు. చేతిలో టాబ్లెట్, నెత్తిన టోపీ. ఆయకట్టు సంఘం ప్రెసిడెంటు మాల్యాద్రి నాయుణ్ణి కట్ట మీద కూర్చోబెట్టి ప్రశ్నలడిగాడు.

"ఈ చెరువు మీద నుంచి వచ్చే చల్లగాలి రేపట్నుంచి రాదనుకోండి. అది రావాలంటే మీరు ఎంత ఇవ్వడానికి సిద్ధపడతారు?"

"ఎవురికియ్యాల?" అన్నాడు నాయుడు.

"ఎవరికీ కాదండీ. ఊహకు."

"ఊహకైతే తక్కువెందుకు? కోటి రాసుకో."

అన్వేష్ కోటి రాసుకున్నాడు. పక్కనే బర్రెల్ని తోలుకొస్తున్న చెంగమ్మను ఆపి అదే అడిగాడు. చెంగమ్మ అతణ్ణి పైనుంచి కిందికి చూసి, "గాలికి డబ్బులడిగే మనిషిని ఇప్పుడే చూస్తుండా నాయనా. నా కాడ పైసా లేదు పో" అంది. అన్వేష్ సున్నా రాసుకున్నాడు. రెంటికీ సగటు తీస్తే మనిషికి అరకోటి తేలింది. దాన్ని ఊరి జనాభాతో హెచ్చవేశాడు.

"బాబూ, ఆయన ఎగతాళికి అన్నాడు" అని మునిలక్ష్మి చెప్పబోయింది.

"మేడమ్, జవాబు ఇచ్చినవాడి ఉద్దేశంతో మాకు పని లేదు. పద్ధతి అంతర్జాతీయం" అన్నాడు అన్వేష్ మర్యాదగా.

ఆ పద్ధతిలో గాలి ఒక్కటే మూడు వందల కోట్లు పలికింది. చెట్ల నీడ, భూమిలోకి ఇంకే నీరు, ఒండ్రు, చేపలు, దోమల్ని తినే కప్పలు, పక్షుల అందం, సూర్యాస్తమయంలో చెరువు వాటా అన్నీ కలిపితే జిల్లాలోని ప్రభుత్వ భవనాలన్నిటికంటే జువ్వలపాడు చెరువు ఖరీదైనదని తేలింది. సమీక్షా సమావేశంలో పెద్ద అధికారి కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఇన్నాళ్ళూ మనం ఒక మహా సంపద పక్కన కూర్చుని చేతులు కడుక్కుంటున్నాం" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. మునిలక్ష్మి కూడా కొట్టింది. చెరువుకు మంచి పేరు వస్తే గట్టు మరమ్మతుకు నిధులొస్తాయని ఆమె ఆశ.

నిధులకు బదులు ఆడిట్ వచ్చింది.

"సదరు చెరువు యొక్క సంపద అపారమైనదని శాఖే ఒప్పుకున్నది. అయితే సదరు సంపద ఏ స్టాకు రిజిస్టరులోనూ నమోదు కాలేదు. నమోదు కాని సంపదకు సంరక్షకులెవరు?" అని వాళ్ళు అడిగారు. ప్రశ్న పైనుంచి ఈఈ గారి దగ్గరికి, అక్కడినుంచి డీఈ దగ్గరికి దిగి, ఇక దిగడానికి చోటు లేక మునిలక్ష్మి బల్ల మీద ఆగింది.

ఈఈ గారు ఆమెను పిలిపించుకుని టీ ఇప్పించారు. "ఫార్మాలిటీ అమ్మా. ఊరికే ఒక సంతకం" అన్నారు. మునిలక్ష్మి స్టాకు రిజిస్టరు తెరిచింది. ఆఖరున తుప్పు పట్టిన గడ్డపారలు ఉన్నాయి. వాటి కింద గాలి, నీడ, కప్పలు, గూడబాతులు వరసగా ఎక్కించి, "పై వస్తువులన్నీ నా ఆధీనంలో భద్రముగా ఉన్నవి" అని సంతకం పెట్టింది.

ఆ రోజు నుంచి చెరువు చెరువులా ఉండటం మానేసింది. రైతులు నీళ్ళడిగితే ఇండెంటు పెట్టమన్నారు. ఇండెంటులో "తీసుకున్న నీటిని తిరిగి జమచేయు తేదీ" అని ఒక గడి ఉంది. నాయుడు అందులో "వానలు పడినప్పుడు" అని రాశాడు. దాన్ని ఆడిట్ ఒప్పుకోలేదు. వాన అతని పూచీకత్తు మీద పడదన్నారు. కోతలు అయిపోగానే తూముకు తాళం వేసి లక్క ముద్ర కొట్టారు. కోట్ల విలువైన నీరు కలుజు మీదుగా ఉచితంగా పారిపోవడం ఏమిటని దాని మీద ఇసుక బస్తాలు పేర్పించి ఎత్తు పెంచారు.

"మేడమ్, కలుజు మూసేస్తే ఎక్కువైన నీళ్ళు యాడికి పొయ్యేదీ?" అని నాయుడు అడిగాడు.

మునిలక్ష్మి అదే ప్రశ్న పైకి రాసింది. "ఆస్తి ఎక్కువగుట సమస్య కాదు" అని జవాబు వచ్చింది.

చెరువులో దిగిన బర్రెలు ఒళ్ళంతా నీళ్ళు మోసుకుపోతున్నాయని తనిఖీకి వచ్చిన ఒక అధికారి కనిపెట్టాడు. అవి పూర్తిగా కారి ఆరేదాకా లోపలి ఒడ్డునే నిలబెట్టాలని బోర్డు రాయించాడు. చెంగమ్మకు చదువు రాదు. మునిలక్ష్మే చదివి వినిపించాల్సి వచ్చింది. చెంగమ్మ అంతా విని, "నువ్వు మంచిదానివే తల్లీ. నీకేమైందో అని బాధగా ఉండాది" అంది.

వేసవి చివర బదిలీ ఉత్తర్వు వచ్చింది. తిరుపతికే. దొరస్వామి ఫోనులోనే బస్సుల టైములు చదివి వినిపించాడు. నిహారిక తన అల్మారాలో సగం ఖాళీ చేసి అమ్మ చీరలకు చోటు చేశానని చెప్పింది.

ఆమె స్థానంలో జిలానీ బాషా వచ్చాడు. నెమ్మదైన మనిషి. మాట్లాడే ముందు చేతులు కట్టుకుంటాడు. పాత సెక్షన్‌లో చూడకుండా ఛార్జి తీసుకున్నందుకు, తను రాకముందే రాయిగా మారిన సిమెంటు బస్తాల ఖరీదు ఇప్పటికీ అతని జీతంలో కోత పడుతోంది.

"తప్పుగా అనుకోవద్దు మేడమ్. ఈసారి కళ్ళారా చూడకుండా సంతకం పెట్టనని మా ఇంట్లో మాటిచ్చి వచ్చినాను" అన్నాడు.

"చూడండి బాషా గారూ. నాదేముంది" అంది మునిలక్ష్మి. సాయంత్రం బస్సుకు టికెట్టు కూడా తీసుకుని ఉంది.

ఇద్దరూ కట్ట మీదికి వెళ్ళారు. నీళ్ళు ఉన్నాయి. ఒండ్రు ఉంది. కప్పలు కనబడలేదు గానీ ఒకటి అరిచింది. దాన్ని బాషా మిగతావాటి తరఫున ఒప్పుకున్నాడు. నీడ దగ్గర కొంచెం ఇబ్బంది వచ్చింది. మధ్యాహ్నం కావడంతో అది చెట్ల మొదట్లోకి ముడుచుకుని ఉంది. "సాయంత్రానికి పెరుగుద్ది" అని నాయుడు హామీ ఇచ్చాడు. గాలి కోసం ముగ్గురూ కూర్చున్నారు. ఒక ఆకు కూడా కదలలేదు. మునిలక్ష్మి రుమాలుతో మొహం తుడుచుకుంటూ, జీవితంలో ఎన్నడూ లేనంత భక్తిగా గాలి కోసం ఎదురుచూసింది.

"గాలి సంగతి పోనీండి మేడమ్, సర్దుకుంటాను. గూడబాతులు ఏవీ?" అన్నాడు బాషా.

"ఎండాకాలం కదండీ. వెళ్ళిపోయాయి."

"ఎక్కడికి?"

"ఎక్కడికో. మళ్ళీ వస్తాయి."

బాషా ముఖం చిన్నబోయింది. "సిమెంటు బస్తాల దగ్గరా ఇట్టాగే అన్నారు మేడమ్" అన్నాడు.

ఆమె బస్సు ఆమె లేకుండా వెళ్ళిపోయింది.

మర్నాడు ఈఈ గారు ఇద్దరినీ కూర్చోబెట్టి ధర్మసూక్ష్మం వివరించారు. "చూడమ్మా మునిలక్ష్మీ, ఆస్తి అన్నాక ఉండాలి. లేకపోతే ఎక్కడికి పోయిందో కాగితం ఉండాలి. నీ ఆస్తీ లేదు, కాగితమూ లేదు. పోలీసు ఫిర్యాదు ఇవ్వు."

ఎస్సై ఫిర్యాదంతా ఓపికగా చదివాడు. ఎవరి మీదైనా అనుమానం ఉందా అని అడిగాడు.

"ఎండల మీద" అంది మునిలక్ష్మి.

"ఎండల్ని ముద్దాయిగా పెట్టలేను మేడమ్. పైగా మీ సొత్తు జిల్లా దాటినట్టుంది. నా పరిధి చెక్‌పోస్టు దాకానే" అని మంచినీళ్ళు ఇప్పించి పంపాడు.

చివరికి డివిజన్ ఆఫీసు సూపరింటెండెంటు దారి చూపించాడు. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, ఎంతటి చిక్కుకైనా ఒక నిబంధన తీస్తాడని పేరు. "పోయినవి అంటే తంటా. సెలవులో ఉన్నవి అనండి" అన్నాడు. అలా జువ్వలపాడు గూడబాతులకు దీర్ఘకాలిక సెలవు మంజూరైంది. మునిలక్ష్మి ఊపిరి పీల్చుకుంది. అయితే ఉత్తర్వు అడుగున ఈఈ గారు తమ చేత్తో ఒక వాక్యం చేర్చారు: "సెలవులో ఉన్నవి తిరిగి విధుల్లో చేరిన మీదటే ఛార్జి అప్పగింత జరుగవలెను."

అప్పటికి తిరుపతి ఉత్తర్వు ప్రకారం ఆమెను రిలీవ్ చేసినట్టు కాగితం వెళ్ళిపోయింది. బాషా వచ్చి చేరినట్టూ కాగితం వెళ్ళిపోయింది. ఒకే చెరువుకు ఇద్దరు ఏఈలు, ఇద్దరిలో ఎవరి దగ్గరా ఛార్జి లేదు. రోజూ పొద్దున్నే కట్ట మీద చెరో బండ మీద కూర్చుని ఆకాశం వంక చూసేవాళ్ళు. బాషా ఇంటినుంచి తెచ్చిన టిఫిన్లో ఆమెకూ కొంత పెట్టేవాడు. తన వల్లే ఆమె ఆగిపోయిందన్న బాధ అతనికి ఉంది. సంతకం పెట్టే ధైర్యం మాత్రం లేదు. ఆమెకూ అతని మీద కోపం ఎక్కువ రోజులు నిలవలేదు.

బళ్ళు తెరిచారు. నిహారిక పదో తరగతిలో చేరింది.

"అమ్మా, పక్షులు ఎప్పుడొస్తాయి?" అని ఫోనులో అడిగేది.

"వానలు పడితే వస్తాయమ్మా."

"మా సైన్సు సార్ కూడా అదే అన్నారు. మా అమ్మను ఎవరూ నమ్మట్లేదంటే నవ్వారు."

కార్తీకంలో వానలు పడ్డాయి. గూడబాతులు వచ్చాయి. ఒకనాటి పొద్దున మునిలక్ష్మి కట్టెక్కేసరికి తుమ్మచెట్ల కొమ్మలన్నీ తెల్లగా వంగి ఉన్నాయి. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. బాషా రొప్పుకుంటూ వచ్చి లెక్క మొదలుపెట్టాడు. లెక్కపెట్టిన కొద్దీ అతని గొంతు తగ్గిపోయింది.

"మేడమ్, ఎక్కువున్నాయి" అన్నాడు చివరికి.

ఈఈ గారు కుర్చీలో వెనక్కి వాలారు. "తక్కువైతే రికవరీతో పోయేది. ఎక్కువంటే ఏమిటి? లెక్కకు మించిన ఆస్తులు. వీటికి ఆధారం ఏమిటని విజిలెన్సు అడిగితే ఏం చెబుతావు? సెలవు మీద పోయినవి ఇవే అని రుజువేమిటి?"

"పోయినవి పిల్లల్ని తీసుకుని పోయాయి సార్. ఆ పిల్లలు పెద్దవై వచ్చాయి."

"పిల్లల జననాలు స్టాకులోకి ఎక్కించావా?"

ఎక్కించలేదు. అప్పగింత మళ్ళీ ఆగింది.

ఇంతలో బంగాళాఖాతంలో వాయుగుండం పట్టింది. వాన ఆగకుండా కురిసింది. మిట్టల మీది నీళ్ళన్నీ చెరువులోకి దిగాయి. మూడో రోజు పొద్దున నాయుడు గొడుగు కూడా లేకుండా ఆమె అద్దె ఇంటికి పరుగెత్తుకొచ్చాడు.

"మేడమ్, గట్టెనక బురదనీళ్ళు ఊరుతుండాయి. ఎలక బొక్కల్లోంచి వస్తుండాయి. మజ్జాన్నానికి గట్టు నిలవదు."

ఆమె వెళ్ళి చూసింది. ఊరే నీళ్ళు తేటగా ఉంటే భయపడనక్కర్లేదు. అవి గట్టు మట్టిని మోసుకుని ఎర్రగా వస్తున్నాయి. చెరువు కలుజు మీది బస్తాల అంచుదాకా వచ్చి నిలిచింది. గట్టు కింద, కేకేస్తే వినబడేంత దూరంలో ఊరు. చెంగమ్మ బర్రెల పాక కనబడుతోంది. దాని వెనక ప్రాథమిక పాఠశాల.

వానలో చీరకొంగు తల మీద కప్పుకుని ఈఈ గారికి ఫోను చేసింది.

"సార్, తూము ఎత్తాలి. బస్తాలు తీయాలి. ఇప్పుడే."

"ఎంత నీరు పోతుంది?"

"చాలా పోతుంది సార్."

"అమ్మా, పోయిన ఆస్తిని లెక్కలోంచి కొట్టేసి రద్దు పద్దు రాయడానికి నాకున్న అధికారం ఐదు వేల రూపాయల దాకానే. ఆ విలువకు ఒక బిందె నీళ్ళు కూడా రావు, మనమే ఖరీదు కట్టాం కదా. ప్రతిపాదన మూడు ప్రతుల్లో పంపు. నేను బలంగా సిఫారసు చేస్తాను."

"గట్టు తెగితే అంతా పోతుంది సార్."

"అది ప్రకృతి వైపరీత్యం కిందికి వస్తుంది. దానికి అనుమతి అక్కర్లేదు."

ఆమె ఫోను కట్టేసింది. పక్కన బాషా తడిసి ముద్దై నిలబడి ఉన్నాడు.

"మేడమ్, మీరు రిలీవైపోయినారు. నేను ఛార్జి తీసుకోలేదు. రూలు ప్రకారం ఇప్పుడీ గట్టు మీద ఎవరూ లేరు" అన్నాడు.

మునిలక్ష్మి చీరకొంగు నడుముకు బిగించింది. "అయితే ఎవరూ లేనట్టే తీసేద్దాం పదండి" అంది.

తూము దగ్గర ఒక రాయి తీసుకుని లక్క ముద్ర మీద కొట్టింది. రెండో దెబ్బకు తాళం ఊడింది. తెరవక తెరవక బిగుసుకుపోయిన చక్రం ఆమె బలానికి కదలలేదు. బాషా కళ్ళజోడు జేబులో పెట్టుకుని వచ్చి చెయ్యేశాడు. ఇద్దరూ ఒంటి బరువంతా వేసి తిప్పారు. అది కీచుమని ఏడ్చి, కదిలింది. అవతల కలుజు మీద నాయుడూ ఊరి మగవాళ్ళూ నడుముకు తాళ్ళు కట్టుకుని దిగి బస్తాలు లాగి పడేశారు. చెరువు ఒక్కసారి నిట్టూర్చినట్టు శబ్దం చేసి పొర్లింది. ఆ హోరుకు గూడబాతులన్నీ లేచి, ఊరి మీద ఒక చుట్టు తిరిగి, మళ్ళీ తమ కొమ్మల మీదికే వచ్చి వాలాయి.

సాయంత్రానికి ఊరే నీళ్ళు తేటపడ్డాయి. మునిలక్ష్మి గట్టు మీదే కూలబడింది. అరచేతులు బొబ్బలెక్కాయి. ఎవరో ఇచ్చిన వేడి టీ గ్లాసును పట్టుకోలేక బాషా చేతిలోంచే తాగింది.

వాన వెలిసిన వారానికి విచారణాధికారి వచ్చారు. మంచి మనిషే. ముందుగా ఆమె చేతులు చూసి జాలిపడ్డారు. తర్వాత విచారణ ఫారం తీశారు.

"బయటికి వదిలిన నీటి విలువ ఇంత. ఇది నష్టం. లాభం గడిలో ఏం రాయమంటారు?"

"ఊరు సార్. ఊరు మునగలేదు."

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశారు. "జరిగినదానికే గడి ఉందమ్మా. జరగనిదానికి లేదు" అన్నారు నిజంగానే బాధపడుతూ.

ఆ లోటును అన్వేష్ తీర్చాడు. అతను మళ్ళీ టాబ్లెట్ పట్టుకుని వచ్చి, చుట్టుపక్కల అన్నిచోట్లా గట్లు తెగినా జువ్వలపాడు మునగలేదని గమనించాడు. "వరద నివారణ సేవ" అనే కొత్త ప్రయోజనం చేర్చాడు. దాని ఖాతాలో పడ్డ మొత్తం గాలిని కూడా మించిపోయింది. ఆ సేవ చేసినది ఎవరన్న ప్రశ్న వచ్చినప్పుడు అతని పద్ధతిలో ఒకే జవాబు ఉంది. చెరువు.

రిపబ్లిక్ దినోత్సవం నాడు చెరువుకు ఉత్తమ సేవా పురస్కారం ప్రకటించారు. చెరువు వేదిక ఎక్కలేదు కనుక సంరక్షకుల్ని పిలిచారు. పైన ఎవరో మునిలక్ష్మి పేరే చదివారు. పెద్ద అధికారి ఆమె భుజాల మీద శాలువా కప్పుతూ, "విపత్తు వేళ ఈ చెరువు చూపిన సమయస్ఫూర్తి మనందరికీ ఆదర్శం" అన్నారు. ఆ ఉదయమే ఆమెకు అభియోగ పత్రం అందింది. ప్రభుత్వ ముద్ర పగలగొట్టుట, అనుమతి లేకుండా అమూల్యమైన ఆస్తిని దిగువకు జారవిడుచుట. అది మడతపెట్టి హ్యాండ్‌బ్యాగులో ఉంది. ఆమె నమస్కారం పెట్టి వేదిక దిగింది.

మైదానం బయట బాషా ఎదురుచూస్తున్నాడు. ఛార్జి కాగితాలు తెచ్చాడు.

"ఇటివ్వండి మేడమ్, సంతకం పెట్టేస్తా."

"గూడబాతులు ఇంకా ఎక్కువే ఉన్నాయి బాషా గారూ. గాలి కూడా మీరు చూడలేదు."

"చూసినాను మేడమ్. ఆ రోజు చక్రం తిప్పినప్పుడు అన్నీ చూసినాను. మా ఇంట్లో చెప్పుకుంటాలే" అని, స్కూటరు సీటు మీద కాగితం పెట్టి, "అన్నియు సరిగా ఉన్నవి" అని రాసి సంతకం చేశాడు.

మునిలక్ష్మి ఆ రాత్రికి తిరుపతిలో ఉంది. పరీక్షలకు ఇంకా కొన్ని వారాలు మిగిలాయి. ఆ వారాలు ఆమె నిహారిక పక్కన కూర్చోగలిగింది. కూతురు చదువుకుంటుంటే ఆమె అభియోగాలకు సమాధానం రాసుకుంది. ఊరు ఎందుకు మునగలేదో వివరించడం ఆమెకు చాలా కష్టమైంది. కూతురు ఒకటి రెండు చోట్ల వాక్యాలు సరిదిద్దింది.

వేసవిలో తుది ఉత్తర్వు వచ్చింది. ఒక ఇంక్రిమెంటు నిలిపివేశారు. కింద ఇంకొక పేరా ఉంది. "గణతంత్ర దినోత్సవము నాడు కప్పబడిన శాలువా చెరువునకు ప్రదానము చేయబడినదే గాని వ్యక్తికి కాదు. కావున సదరు శాలువాను తక్షణమే స్టాకులో జమచేయవలెను."

దొరస్వామికి కోపం వచ్చింది. నిహారికకు నవ్వొచ్చింది. మునిలక్ష్మి శాలువా ఉతికి, ఇస్త్రీ చేయించి, పార్సెలు కట్టి జువ్వలపాడు సెక్షన్ ఆఫీసుకు పంపింది. బాషా అందుకుని రసీదు పంపాడు. ఆ ఏడాది వార్షిక తనిఖీలో జువ్వలపాడు చెరువు ఆస్తులన్నిటిలోకీ లెక్క సరిగ్గా తేలింది ఆ శాలువా ఒక్కటే.